పొయ్యే కరెంటును ఎవురు చూస్తారు

మా కారులో పెట్రోలు ముల్లు ఇండికేటరుతో పాటు తాళం వేసేది. నిజంగానే. కపిలతీర్థం మీదుగా వచ్చి లీలామహల్ సర్కిల్ దగ్గర ఎడం పక్కకి తిరగడానికి ఇండికేటర్ వేస్తే, టక్కు అన్నప్పుడల్లా ముల్లు ఒక గీత కదిలి మళ్ళీ యథాస్థానానికి వచ్చేది, మా చిన్నోడు వెనక సీట్లో కూచోని దానికి చప్పట్లు కొట్టేవాడు. పగలు ఈ ఒక్క ఆటే. రాత్రయితే అసలు కథ. లైట్లు వేసి ఏసీ ఫ్యాను ఫుల్లుగా పెట్టినామా, మీటర్ బోర్డులో కిలోమీటర్లు చూపించే డిస్‌ప్లే మసకబారిపోయేది, రేడియో టప్పుమని ఆరిపోయి మళ్ళీ కంపెనీ బొమ్మ చూపిస్తా మొదట్నుంచి లేచేది, గడియారం 12:00 దగ్గర నిలబడి మినుకుమినుకుమంటా ఉండేది. ఫ్యాను తగ్గిస్తే అన్నీ బుద్ధిగా కూచునేవి.

ఇంకో సంగతి ముందే ఒప్పుకుంటా. నేను చంద్రగిరి పక్కన ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచర్ని. పదహారేళ్ళుగా పదో తరగతి పిల్లలకి ఓమ్ నియమం చెప్తా ఉండాను, బోర్డు మీద బ్యాటరీ బొమ్మ గీసి, బల్బు గీసి, రెండిటి మధ్య గీత గీసి, "కరెంటు ఇట్ల పోయి అట్ల వస్తుంది" అని వేలు తిప్పి చూపిస్తా ఉండాను. ఆ ముల్లు నా కళ్ళ ముందరే మూడు నెలలు అదే పాఠం చెప్తా ఉన్నా నాకు తట్టలేదు. కారు అనేసరికి అది మా ఆయన డిపార్ట్‌మెంటు అనుకున్నా, మా ఆయనేమో సర్వీస్ సెంటర్ డిపార్ట్‌మెంటు అనుకున్నాడు.

ఇది రిపేరు ఎట్ల చెయ్యాలో చెప్పే పోస్టు అనుకుని వస్తే అది కూడా కొంత దొరుకుతుంది లెండి. కానీ నేను కూచోని రాస్తా ఉండేది దానికోసం కాదు. నా గొడవ ఏంటంటే, కారులో కరెంటు ఫాల్టు వస్తే మనం సామానుకు డబ్బులిస్తాం, వెతికినోడికి ఇవ్వం. అందుకే మనకి సామాను మార్చేవాళ్ళే మిగిలినారు. మెకానిక్కులు మోసం చేస్తారని అందరం తిట్టుకుంటాం కదా, ఆ తిట్లలో సగం మన వాటాకి రావాలని నా లెక్క, నా వాటా ఎంతో కింద చెప్తా.

సర్వీస్ సెంటర్ నుంచి మొదలుపెడదాం. పేరు వద్దు. నీలం చొక్కా అబ్బాయి వచ్చినాడు, ల్యాప్‌టాప్ తెచ్చి స్టీరింగ్ కింద కప్లర్‌కి తగిలించినాడు, ఒక కోడు వచ్చింది, యు0155. అది చూసి మా ఆయన వైపు తిరిగి (కారు నేను నడుపుకుంటా పోయినా కూడా) "సార్, క్లస్టర్ (అంటే మీటర్ బోర్డు) పోయింది, 31 వేలవుతుంది, ప్రోగ్రామింగ్ వేరే" అన్నాడు. ఆ అబ్బాయిని కాణిపాకం తీసుకెళ్ళి కోనేట్లో ముంచి ప్రమాణం చెయ్యమన్నా చేస్తాడు, ఎందుకంటే అబద్ధం చెప్పలేదు, వాడికి నేర్పిందే అది. కానీ తర్వాత ఇంటికొచ్చి చూసుకుంటే ఆ కోడుకు అర్థం క్లస్టర్ పోయిందని కాదు. మీటర్ బోర్డుతో మాట తెగిపోయింది అని. అంతే. ఇప్పటి కార్లలో ఇంజిన్ కంప్యూటరు, మీటర్ బోర్డు, ఇంకా ఇట్లాంటివి చాలావరకు మెలితిప్పిన రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి, క్యాన్ అంటారు దాన్ని, బాష్ కంపెనీ వాళ్ళు 1986లో బయటపెట్టినారు. వాటిలో ఒకటి పలకకపోతే మిగతావి "అది పలకడం లేదు" అని రాసి పెట్టుకుంటాయి. ఎందుకు పలకలేదో వాటికి తెలీదు. చచ్చిపోయిందా, నిద్రపోయిందా, దానికి కరెంటు అందలేదా, వైరు తెగిందా, ఏదైనా కావచ్చు. క్లాసులో ఒక పిల్లోడు హాజరు పలకలేదనుకోండి, రిజిస్టర్లో ఆబ్సెంట్ అని రాస్తాం, అంతేగాని వాడు పోయినాడని ఇంటికి కబురు చెయ్యం కదా.

31 వేలు అనేసరికి మా ఆయనకి కొంచెం చెమట పట్టింది, సరే తర్వాత చూద్దాం అని బయటపడినాం. బయటపడి నేరుగా చేసిన పని ఇంకా గొప్పది. టౌన్లో ఒక స్టీరియో షాపుకు పోయినాం. అక్కడున్నాయన రేడియో సెట్ బయటికి లాగి, కరెంటు కొలిచే మీటరును కూత పెట్టే సెట్టింగులో పెట్టి, ఒక పుల్ల నల్ల వైరుకి, ఇంకో పుల్ల బాడీ ఇనుముకి ఆనించినాడు (కారులో బాడీ ఇనుమే బ్యాటరీ మైనస్, దాన్నే ఎర్తు అంటారు). కుయ్ అనింది. "ఎర్తు సూపర్‌గా ఉంది మేడమ్, సెట్టే పోయింది" అన్నాడు. మేం 9,500 పెట్టి పెద్ద తెర ఉన్న ఆండ్రాయిడ్ సెట్ వేయించుకున్నాం. బేరం కూడా ఆడలేదు, డబ్బా కొత్తది కదా, లోపల థర్మాకోల్ ఉంది కదా, ఇంకేం అడుగుతాం.

ఆ సెట్ పెట్టిన రాత్రే మళ్ళీ ఆరిపోయింది. ఇంకా తొందరగా ఆరిపోయింది నిజానికి, పాతదానికన్నా ఇది కరెంటు జాస్తి తాగుతుంది. పైగా కొత్తగా రెండు జబ్బులు తగులుకున్నాయి. ఒకటి, ఎఫ్ఎం పోయింది. ఊరి మధ్యలో కూడా ఆకాశవాణి తిరుపతి బుస్సుమనే గాలి చప్పుడు వెనకాల ఎక్కడో వినపడేది. రెండోది, బ్యాటరీ. మా అత్తగారి ఊరికి బస్సులో పోయి మూడు రోజుల తర్వాత వచ్చి చూస్తే సెల్ఫ్ కొట్టలేదు, టిక్ టిక్ అనేసి ఊరుకుంది.

ఈ రెండూ ఫాల్టులు కావు, సెట్ వేసినాయన చేసిన పని. ఎఫ్ఎం సంగతి ఏంటంటే చాలా కార్లకి పైన ఉండే పొట్టి ఏరియల్ అడుగున చిన్న యాంప్లిఫయరు ఉంటుంది. ఎఫ్ఎంకి న్యాయంగా ఏరియల్ ముక్కాలు మీటరు పొడుగుండాలి, మీ కారుది జానెడే ఉందంటే ఆ కొరతను పూడ్చేది లోపలున్న ఆ బుల్లి సర్క్యూటు, దానికి 12 ఓల్టులు సెట్ వెనకాల నీలం వైరులోంచి పోవాలి. స్టీరియో ఆయన ఆ నీలం వైరుకు టేపు చుట్టి లోపలికి తోసేసినాడు. బ్యాటరీ సంగతి ఇంకా సులువు. బయట కొనే సెట్లకి పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, గడియారం, సెట్టింగులు గుర్తుపెట్టుకోవడానికి. ఎరుపుది కీ తిప్పితేనే కరెంటు వచ్చేది, ఆన్ అవ్వాలా వద్దా అని సెట్‌కి చెప్పేది. మా దాంట్లో ఏది ఏదో వెతికే ఓపిక లేక ఆ రెండూ కలిపి మెలితిప్పి ఒకే చోట ఇచ్చేసినాడు, "కీతో ఆగదు మేడమ్, బటన్ నొక్కి ఆపుకోండి, ఇప్పుడన్నీ ఇట్లే వస్తా ఉన్నాయి" అన్నాడు, నేను సరే అన్నా. బటన్ నొక్కితే తెర ఆరుతుంది గానీ లోపల అది మేలుకొనే ఉంటుంది. తర్వాత కొలిస్తే 0.3 ఆంపియర్లు తాగతా ఉండాది. మామూలుగా కారు మొత్తం నిద్రపోయినాక 0.05 దాటకూడదు. రోజుకి 24 గంటలు, 0.3 చొప్పున 7.2 ఆంపియర్ అవర్లు, మూడు రోజులకు 21.6, మా బ్యాటరీయే 35. ఐదో తరగతి లెక్క.

(ఇంకో మాట, రెండు వైర్లు తారుమారైతే కీ తీసినప్పుడల్లా సెట్ అన్నీ మర్చిపోతుంది. స్టేషన్లు పోతే సెట్ పోయిందనుకోకండి, పసుపూ ఎరుపూ చూసుకోండి. కొన్ని కార్ల కంపెనీలే వాటి చోట్లు తారుమారుగా ఇస్తాయి, ఫోక్స్‌వాగన్ వాళ్ళవి దీనికి బాగా పేరుమోసినవి.)

ఇంతలో దసరా సెలవులొచ్చినాయి, చిత్తూరులో మా అన్న ఇంటికి పోయినాం. మా అన్న ముల్లు ఆట చూసి నవ్వి, మురకంబట్టు దావలో ఒక భాయ్ ఉన్నాడు, ఆయన దగ్గరికి పోదాం పదండి అన్నాడు. రేకుల షెడ్డు, లోపల ఒక పాత బల్ల, దాని మీద పీకి పడేసిన డైనమోలు, ఒక మీటరు, దాని పుల్లలకి రబ్బరు ఊడిపోయి టేపు చుట్టి ఉంది. ల్యాప్‌టాప్ లేదు. మా ఆయన మొహం చూస్తే తెలుస్తా ఉంది, ఈయనేం చేస్తాడులే అని.

భాయ్ పానా పట్టుకోలేదు, ముందు కూచోని అడగడం మొదలుపెట్టినాడు. రాత్రి పూటేనా? వాన పడినప్పుడు జాస్తి అవుతుందా? ఎడం చక్రం గుంటలో పడితే ఏమన్నా తేడా వస్తుందా? ఫ్యాను ఎన్నో నంబరులో పెడితే మొదలవుతుంది? అన్నీ నన్నే అడిగినాడు, నడిపేది నువ్వే కదమ్మా అని. చివర్లో ఒకటి అడిగినాడు. "కుడి పక్క ఇండికేటరు వేస్తే ముల్లు ఆడుతుందా?"

మూడు నెలల్లో నేనా సంగతి చూడలేదు. వేసి చూసినాం. ఆడలేదు. ఎడం పక్క వేస్తే ఆడింది. భాయ్ మొహంలో వెలుగొచ్చింది, ఇంకేం మాట్లాడకుండా లేచినాడు.

ముందు బ్యాటరీ. ఆపి ఉన్నప్పుడు 12.5 ఓల్టులు, బండి స్టార్ట్ చేసినాక 14 దాకా. అంటే బ్యాటరీ, డైనమో రెండూ బాగున్నాయి (ఆపి కాసేపుంచినాక 12.6 అంటే నిండు కుండ, 12 అంటే దాదాపు ఖాళీ, నడిచేటప్పుడు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, ఇది చూడకుండా మిగతావి ఎవరన్నా విప్పితే ఆపెయ్యండి). తర్వాత ఒక పొడుగాటి వైరు తీసుకుని బ్యాటరీ మైనస్‌కి కట్టి కిటికీలోంచి లోపలికి లాగినాడు. దాని ఇంకో కొస మీటరు నల్ల పుల్లకి. ఎర్ర పుల్ల రేడియో రేకు ఒంటికి. అంటే మైనస్‌కీ మైనస్‌కీ మధ్య ఓల్టేజి కొలుస్తా ఉన్నాడు. మా ఆయన నా చెవిలో "రెండూ మైనస్సే కదా, సున్నా వస్తుంది" అన్నాడు. నాకూ అదే అనిపించింది. సిగ్గులేకుండా చెప్తా ఉండాను, ఫిజిక్స్ టీచర్ని.

రేడియో ఒక్కటే పెడితే 0.3. డాష్‌బోర్డు లైట్లు వేస్తే కొంచెం లేచింది. ఫ్యాను ఫుల్లు పెట్టంగానే 3.4.

"చూడమ్మా," అన్నాడు, "ఈడికి కరెంటు బాగానే వస్తా ఉండాది. పోవడానికే దావ లేదు. వచ్చే కరెంటును అందరూ చూస్తారు, పొయ్యే కరెంటును ఎవురు చూస్తారు?"

అప్పుడు బుర్రలో లైటు వెలిగింది నాకు. ఆ సాయంత్రం దాన్ని మా వాళ్ళకి చెప్పడానికి నేను వాడిన పోలిక ఇదీ: కొండ మీద గుళ్ళోకి జనం ఒక వాకిట్లోంచి పోతారు, దర్శనమై బయటికి రావాలి. బయటికొచ్చే దావలో ఎవరో సగానికి అడ్డం పెట్టినారనుకోండి. జనం పల్చగా ఉన్న పూట ఎవరికీ తెలీదు, ఒక్కొక్కరే పక్కకి తిరిగి వచ్చేస్తారు. వైకుంఠ ఏకాదశి నాడు మాత్రం లోపల ఊపిరాడదు, తోపులాట, అరుపులు. అప్పుడు ముందు వాకిలి దగ్గర నిలబడి "లోపలికి జనం బాగానే పోతా ఉన్నారే" అంటే ఏం లాభం.

స్టీరియో ఆయన మీటరు కుయ్ అన్నది కూడా అందుకే. కూత పెట్టేటప్పుడు మీటరు పంపించేది ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ, అంటే పల్చటి రోజు ఒక్క భక్తుడు. చాలా మీటర్లు ముప్పై ఓములున్నా కూస్తాయి. మా కారులో ఉన్న అడ్డం లెక్కేస్తే పావు ఓము. పావు! ఆ మీటరుకు అది సున్నాతో సమానం. కానీ ఫ్యాను, లైట్లు, సెట్ అన్నీ కలిపి పదమూడు, పద్నాలుగు ఆంపియర్లు ఆ పావు ఓములోంచి పోవాలి, పద్నాలుగుని పావుతో గుణిస్తే మూడున్నర ఓల్టులు అక్కడే తినేస్తుంది. బండి నిలబడి ఉన్నప్పుడు అన్నీ వేస్తే ఓల్టేజి పదమూడు చిల్లరకి దిగుతుంది, అందులో మూడున్నర పోతే సెట్‌కి మిగిలేది పదికి లోపే. ఓల్టేజి అంత తక్కువైతే చాలా సెట్లు సరిగ్గా పని చెయ్యవు. అదీ ఆరిపోవడం.

మరి ఎడం ఇండికేటరు? మా కారులో ముందు ఎడం పక్క ఇండికేటరు బల్బు ఎర్తు కూడా రేడియో, మీటర్ బోర్డు ఎర్తు వైర్లు బాడీకి బిగించిన బోల్టుకే వస్తుందంట. 21 వాట్ల బల్బు, ఒకటిముక్కాలు ఆంపియర్లు, పావు ఓముతో గుణిస్తే అర ఓల్టుకి కొంచెం తక్కువ. బల్బు వెలిగినప్పుడల్లా మీటర్ బోర్డు నిలబడ్డ నేలే అర ఓల్టు లేచి దిగుతా ఉంటే, ముల్లు ఆడక ఏం చేస్తుంది. కుడి పక్కది వేరే బోల్టు. ఆ ఒక్క ప్రశ్నతో భాయ్‌కి ఫాల్టు కారులో ఏ మూల ఉందో తెలిసిపోయింది, కుర్చీలోంచి లేవకముందే.

తెలిసినా వెతకడానికి రెండు గంటలు పట్టింది. ఎడం సీటు ముందర కాళ్ళు పెట్టుకునే చోట ప్లాస్టిక్ పలక ఊడదీసి, కార్పెట్టు ఎత్తినాడు. కింద ఎండిపోయిన సన్నటి ఒండ్రు, పిండిలాగ. మేం 2022లో ఈ కారు సెకండ్ హ్యాండులో తీసుకున్నాం, ఏపీ 03 నంబరు, "ఒకే ఓనరు, లేడీస్ నడిపిన బండి" అని చెప్పి అమ్మినారు. 2021 నవంబరులో తిరుపతి మునిగినప్పుడు వీధుల్లో కార్లు తేలినాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ లేడీస్ ఎవరో గానీ కారును ఆ నీళ్ళలోనే నడిపినట్టుంది. మూల్లో బోల్టు, దానికి నాలుగు వైర్ల కొసలు కలిపి ఒక రింగు, రింగు అంతా పచ్చగా చిలుము, వైరు మీది ప్లాస్టిక్ వేడికి గోధుమ రంగు తిరిగి ఉంది. అన్నీ ఊడదీసినాడు, ఉప్పు కాగితంతో బాడీ మీద పెయింటు పోయి తెల్లటి ఇనుము కనపడేదాకా గీకినాడు, కొత్త రింగులు కొట్టి, బోల్టు బిగించి, పైన వాసెలిన్ పూసినాడు. మళ్ళీ కొలిచినాడు. అన్నీ వేసి ఉంచినా 0.06. ఎర్తులో 0.1 దాటకుండా ఉండాలి అన్నాడు. ఇండికేటరు వేసినాం. "అమ్మా, ముల్లు చచ్చిపోయింది" అన్నాడు మా చిన్నోడు, ఏడుపు మొహం పెట్టి.

పసుపు ఎరుపు వైర్లు విడదీసినాడు, నీలం వైరు బయటికి లాగి కలిపినాడు. ఫ్యూజుల డబ్బా తెరిచి చూస్తే రేడియోకి ఎర్రది, అంటే 10 ఆంపియర్లది, ఉండాల్సిన చోట ఎవరో పసుపుది పెట్టినారు, 20. ఫ్యూజు మాటిమాటికి పోతా ఉంటే పెద్దది పెట్టడం మనోళ్ళకి అలవాటు. ఫ్యూజు కాపాడేది రేడియోని కాదు, వైరుని. 20 పెడితే ఫ్యూజు బతుకుతుంది, డాష్‌బోర్డు లోపల వైరు కాలుతుంది. దాన్ని కూడా మార్చినాడు, ఆ ఫ్యూజు ఐదు రూపాయలో పది రూపాయలో.

మొత్తం రెండున్నర గంటలు. ఏడొందలు అడిగినాడు.

"ఒక బోల్టు బిగించినందుకు ఏడొందలా భాయ్, సామానేం వెయ్యలేదు కదా" అన్నాడు మా ఆయన. నేను పక్కనే ఉండాను. ఆయన్ని ఆపలేదు సరికదా, "కొంచెం చూసి చెప్పు భాయ్" అని నేను కూడా ఒక మాట వేసినా. అది నోట్లోంచి ఎట్ల వచ్చిందో ఇప్పటికీ తెలీదు, కూరగాయల దగ్గర వచ్చినట్టు వచ్చేసింది. నాలుగొందలు ఇచ్చినాం. "సరేమ్మా" అని జేబులో పెట్టుకున్నాడు, మొహం కూడా మాడ్చుకోలేదు. పూతలపట్టు దాటినాక రేడియో చక్కగా పాడతా ఉంటే, చీకట్లో మీటర్ బోర్డు చక్కగా వెలుగుతా ఉంటే, నాకు ఆ 9,500 గుర్తొచ్చింది. వేసిన మందు రోగాన్ని పెంచింది, దానికి బేరం లేదు, పైగా "థాంక్సండీ" అని చెప్పి వచ్చినా.

మనం డాక్టరు దగ్గరికి పోతే ఏం లేదమ్మా పొండి అన్నా ఫీజు ఇచ్చి వస్తాం, సంతోషంగా ఇస్తాం. కారు దగ్గర మాత్రం చేతికి ఏదో ఒకటి రావాలి. పాత సామాను సంచిలో వేసి ఇవ్వాలి, కొత్తదాని డబ్బా చూపించాలి, అప్పుడే డబ్బు న్యాయంగా పోయినట్టు. సర్వీస్ సెంటర్లో ఒక్కో పనికీ ఇన్ని నిమిషాలని లెక్క ఉంటుంది, క్లస్టర్ మార్చడానికి ఇంత అని ఉంటుంది, "కార్పెట్టు ఎత్తి చిలుము కోసం వెతకడానికి" అని బిల్లులో గీత ఎక్కడుంటుంది? ఆ నీలం చొక్కా అబ్బాయి రెండు గంటలు మా కారు కింద దూరి ఉంటే, బయట నాలాంటి పదిమంది ఇంకా ఎంతసేపు అని గడియారం చూస్తా ఉంటారు. వెతికి బోల్టు బిగిస్తే ఆ గంటలు వాడికి నష్టం. క్లస్టర్ మారిస్తే అందరికీ లాభం, కొత్త క్లస్టర్‌తో కూడా ముల్లు ఆడి ఉంటే అప్పుడు "వైరింగ్ ప్రాబ్లం సార్" అని ఇంకో అంకం మొదలవుతుంది.

న్యాయంగా రెండో పక్క కూడా చెప్పాలి, బోర్డులు నిజంగా పోవా అంటే పోతాయి. మన తిరుపతి మే నెలలో ఎండలో పెట్టిన కారు లోపల చెయ్యి పెట్టలేం, ఆ వేడికి డిస్‌ప్లే తెరలో ఉండే ద్రవం తన పద్ధతి తప్పి నల్ల మచ్చలాగ అయిపోతుంది, చల్లబడితే మళ్ళీ వస్తుంది, కొన్నాళ్ళకి రాదు. తెరకీ బోర్డుకీ మధ్య ఉండే సన్న రిబ్బను అతుకు ఊడితే అంకెల్లో గీతలు మాయమవుతాయి, 8 కాస్తా 6 అవుతుంది. టంకం పగులుతుంది, డ్రై సోల్డర్ అంటారు మనోళ్ళు. వీటికి బోల్టు బిగిస్తే ఏం కాదు. నాకు తెలిసినంతలో తేడా పట్టే చిట్కా ఒకటి, లైట్లూ ఫ్యానూ వేస్తే మారే ఫాల్టు అయితే వైరింగు, ఎండకి మారేది, వేలితో తడితే మారేది అయితే ముందు బోర్డును అనుమానించొచ్చు. వేలితో తట్టినప్పుడు వెనకాల కప్లర్ కూడా కదులుతుంది కాబట్టి అదీ పూర్తిగా నమ్మకూడదు.

చిన్నప్పుడు మా నాయన ఆఫీసులో అంబాసిడర్ ఉండేది. దాని డ్రైవరు తాత ఒకటి చెప్పేవాడు, ఒక ముల్లు తప్పు చూపిస్తే ఆ ముల్లును అనుమానించు, పెట్రోలూ వేడీ రెండు ముళ్ళూ ఒకేసారి పైకి పోతే రెండిటికీ కరెంటిచ్చే దాన్ని అనుమానించు అని. ఆ బండ్లలో ఆ రెండిటికీ కలిపి ఒక చిన్న స్టెబిలైజరు రేకు డబ్బా ఉండేది, దాని ఎర్తు పోతే ట్యాంకు నిండినట్టూ ఇంజిను ఉడికినట్టూ ఒకేసారి కనపడేది. మా కారులో రేడియో, డిస్‌ప్లే, ముల్లు మూడూ కలిసి తప్పినాయి. మూడు వస్తువులు మాట్లాడుకుని ఒకే రోజు చెడిపోతాయా? ఆ తాత ఉండుంటే రేడియో షాపు దాకా పోనిచ్చేవాడు కాదు.

చప్పుళ్ళ సంగతి కూడా ఒక ముక్క. రేడియోలో ఈల లాంటి శబ్దం వచ్చి ఇంజిను రేసు చేసే కొద్దీ ఇంకా కీచుగా పైకి పోతే డైనమో వైపు, ఎర్తుల వైపు చూడండి. చిటపటలైతే ఇంజిను స్పార్కు ప్లగ్గులు మార్చినారేమో చూడండి, ప్లగ్గు నంబరులో ఆర్ అక్షరం ఉంటే లోపల రెసిస్టరు ఉన్నట్టు, అది లేని ప్లగ్గులు వేస్తే నిప్పురవ్వ చప్పుడంతా ఏరియల్లోకి వస్తుంది. కొత్తగా చవక ఎల్ఈడీ బల్బులు వేయించినాక ఎఫ్ఎం పోయిందంటే లైట్లు ఆపి వినండి, డ్యాష్‌క్యామ్ చార్జరు పీకి వినండి, పైసా ఖర్చు లేదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మలుపు తిరగంగానే పోతే అది కొండ అడ్డం.

ఇంత రాసినాక మొన్న జరిగింది రాయకపోతే మోసం అవుతుంది.

మా స్కూల్లో తెలుగు టీచరుగారి కారులో సెట్ ఇట్లనే ఆరిపోతా ఉంది. నా కథ అప్పటికే స్టాఫ్ రూమంతా మారుమోగి ఉంది కదా, ఆమె నన్నే అడిగింది. చిత్తూరులో పెళ్ళికి ఇద్దరం పోతా ఉంటే ఆ కారులోనే పోయి భాయ్ షెడ్డు ముందర ఆపినాం. చూడకముందే భాయ్ "సెట్ మార్చేయండమ్మా, కొత్తది వేస్తే ఏ గొడవా ఉండదు" అన్నాడు. నన్ను గుర్తుపట్టినట్టు లేదు. గుర్తుపట్టే అట్ల అన్నాడేమో కూడా, నాకు తెలీదు, ఆ ఆలోచన వచ్చి ఒక నిమిషం నోట మాట రాలేదు.

"లేదు భాయ్, ముందే మాట్లాడుకుందాం," అన్నా. "రెండు గంటలు వెతుకు. దొరికినా దొరక్కపోయినా ఎనిమిదొందలు. సామాను లెక్క వేరే."

నా వైపు చూసినాడు, తెలుగు టీచరుగారి వైపు చూసినాడు, పొడుగు వైరు తీసినాడు.

రెండు గంటలు వెతికినాడు. బ్యాటరీ బాగుంది. ఎర్తు 0.04. పసుపు వైరులో కరెంటు నిండుగా ఉంది, ఎరుపులో ఉంది, ఫ్యూజులు సరైనవే, కార్పెట్టు కింద పొడిగా ఉంది, ఎలకలు కూడా ఏం కొరకలేదు. కరెంటు తిన్నగా వచ్చి తిన్నగా పోతా ఉండంగానే సెట్ ఆరిపోతా ఉంది. చివరికి సెట్‌ను బయటికి తీసి బల్ల మీద పెట్టి నేరుగా బ్యాటరీకి తగిలించినా పది నిమిషాలకి ఆరిపోయింది. సెట్టే పోయింది. మొదట చెప్పిందే.

తెలుగు టీచరుగారు ఏమీ అనలేదు, కానీ ఆ ఏమీ అనకపోవడం నాకు వినపడింది. "మరి ముందే చెప్పినాడు కదండీ ఆయన" అని కారెక్కినాక అనింది. నేను చెప్పినా, ముందు చెప్పినప్పుడు ఆయనకి తెలీదు, ఇప్పుడు తెలుసు, ఇప్పుడు మీరు కొత్త సెట్ వేస్తే అది ఆరిపోదని తెలుసు, నేను 9,500 పెట్టి కొన్నప్పుడు నాకు తెలియంది అదే, మీరు ఎనిమిదొందలతో అది కొనుక్కున్నారు. బాగానే చెప్పినా అనుకుంటా. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తా "ఊ" అనింది. వ్యాకరణం ప్రకారం ఆ ఊ అంగీకారం కాదు.

ఆ ఎనిమిదొందల్లో మూడొందలు నేనే వేసినా. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.